గరిటెలో గుడిగంట

"అమ్మా, చప్పుడు ఎట్లా వస్తుంది?" అని పిల్ల అడుగుతుంది. "నోరు మూసుకుని పని చూడు" అంటాం. జవాబు తెలియక అట్లా అంటాం. అక్కా, ఆ జవాబు మన వంటింట్లోనే ఉంది.

ఒక స్టీలు గరిటె తీసుకోండి. చెక్క గరిటె పనికిరాదు. మూడు మూరల దారం మధ్యలో గరిటెను కట్టండి. దారం కొసలు రెండు చూపుడు వేళ్లకు చుట్టండి. ఆ వేళ్లు చెవుల్లో పెట్టుకోండి. ఇప్పుడు వంగి, గరిటెను గోడకు తగలనివ్వండి. గుడిగంట మోగినట్టు వినబడుతుంది! పక్కవాళ్లకు మాత్రం చిన్న 'టింగు' చప్పుడే.

గోడకు తగిలితే గరిటె అదురుతుంది. ఆ అదురు దారం వెంట పాకి, వేళ్ల గుండా చెవిలోకి చేరుతుంది. గాలిలో అయితే నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. చప్పుడంటే అదురే. గొంతు మీద చెయ్యి పెట్టుకుని "అమ్మా" అనండి. తెలుస్తుంది.

ఇది తెలిశాక టెలిఫోను చెయ్యడం ఎంతసేపు? రెండు ఖాళీ అగ్గిపెట్టెల లోపలి అరలు తీయండి. ఒక్కోదాని అడుగున సూదితో బెజ్జం చెయ్యండి. నాలుగు బారల దారం కొసలు అందులోంచి తీసి, పుల్లముక్కలకు ముడి వెయ్యండి. ఒకరు అరుగు మీద, ఒకరు వేపచెట్టు కింద నిలబడాలి. దారం బిగుతుగా ఉండాలి. ఒకరు మాట్లాడితే ఇంకొకరు అర చెవికి ఆనించి వినాలి.

మధ్యప్రదేశ్‌లో, అప్పటి హోషంగాబాద్ జిల్లాలో, 1972లో 16 బడుల్లో ఇట్లా చేసి నేర్చుకునే సైన్సు చదువు మొదలైంది. 30 ఏళ్లు నడిచింది. అక్కడ అరవింద్ గుప్తా అనే ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాలుగు పుల్లల చదరం నొక్కితే వాలిపోతుంది. మూడు పుల్లల త్రికోణం వాలదు. తడిక తలుపుకు ఏటవాలు బద్ద కట్టేది అందుకే. జొన్నబెండ్లతో బండ్లు చేసిన మనకు ఇదేం కొత్త పని కాదు.

పుల్లల మందు ముందే గీకేయండి. ట్యూబు ముక్కలు చంటిపిల్లలకు అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. ఇంకో మాట. కొడుకును బొమ్మ దగ్గర కూర్చోబెట్టి, కూతుర్ని నీళ్లకు తోలకండి. బెజ్జం, ముడి ఆ పిల్ల చేతే వేయించండి.

టెలిఫోనులో మాట్లాడుతుండగా దారాన్ని మధ్యలో వేళ్లతో గట్టిగా పట్టుకోండి. మాట ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో మీరు చెప్పకండి. పిల్లల్నే అడగండి.