మగ్గము విడిచి పది నిముషములు

మన చంద్రపూరు జిల్లా నాగభీడు ప్రాంతమున టస్సరు చీరలకు కరవతి అంచు, అనగా రంపపు పండ్ల అంచు, నేయుదురు. రెండంచులకు రెండు నాడెలు, నడిమికి ఒకటి. పంటి పంటికి లెక్క. చేయి అలవాటు కొద్దీ సాగిపోవుచుండగా "ఇచ్చట ఆగుము, నాడె మార్చుము" అని దానిని నిలువరించునది బుద్ధి. ఒక్క పంటి వద్ద అది కునికినచో చీర రెండవ రకమునకు దిగును, కూలి కోతపడును.

ఈ నిలువరింపును కొలుచు పరీక్ష యొకటి కలదు. అమెరికాలో స్ట్రూప్ అను నతడు 1935లో ప్రకటించెను. "ఎరుపు" అను మాటను నీలి సిరాతో వ్రాసి, సిరా రంగు చెప్పుమందురు. నోరు "ఎరుపు" అనబోవును. దానినాపి "నీలము" అనవలెను. (తప్పు చీటీ కట్టిన నూలు చిలప వంటిదే!) జపాను శాస్త్రజ్ఞులు ఇరువదిమంది యువజనులచే పది నిముషములు కదలని సైకిలును మితముగా త్రొక్కించి, కొంతసేపటికి ఈ పరీక్ష పెట్టిరి. జవాబులు త్వరగా వచ్చినవి. నుదుటి వెనుక ఎడమవైపు మెదడు చురుకైనది. ఇది 2010 నాటి మాట. అంతకు ముందేడు అమెరికాలో తొమ్మిది పదేండ్ల పిల్లలను ఇరువది నిముషములు నడిపించి చూడగా, పరీక్షలో తప్పులు తగ్గినవి, చదివినది బాగుగా గ్రహించిరి. బడి పాఠములకు కూర్చుండబెట్టుటకు ముందు పిల్లలను కాసేపు ఆడుకొననిచ్చు తల్లులు మంచి పనే చేయుచున్నారు.

అయితే గోరంతను కొండంత చేయరాదు. 2012లో 79 పరిశోధనలను కలిపి చూడగా లాభము కలదు గాని చిన్నదని తేలినది. ఈ పరీక్షలు మగ్గముపై చేసినవియు కావు.

"దినమంతయు కాళ్ళాడించుచునే యున్నాము గదా, మాకు వేరే వ్యాయామమేల?" అని మా సంఘ సభ్యులే అడిగిరి. న్యాయమైన ప్రశ్న. కాని గుంట మగ్గములో పాదము కదలును, నడుము కదలదు. ఊపిరి వేగము కాదు. కండెలు చుట్టు అక్కచెల్లెండ్రకును అంతే. మేము చెప్పు నడక, మాటాడగలిగియు పాట పాడలేనంత వేగమున నుండవలెను.

మే నెలలో మన ఊరి ఎండ 45 డిగ్రీలు దాటును. అప్పుడు మధ్యాహ్నపు నడక ప్రమాదము. తెల్లవారుజామున జట్‌పురా దర్వాజా దిక్కుగా నడచి వచ్చి, నీరు త్రాగి, లెక్క గల అంచు పనిని ముందుగా పట్టవలెను. సాదా నేతను మధ్యాహ్నమునకు ఉంచుకొనవచ్చును. ఆయాసము, గుండె నొప్పి గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే నడువవలెను.