సమష్టి కార్యమున వ్యక్తి స్థానము

“ఒక్కరు మానినంత మాత్రమున లోకపు వేడిమి తగ్గునా?” అను ప్రశ్న దిల్‌సుఖ్‌నగర్ గృహములలోను వినబడుచున్నది. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. భూగోళమంతటి పొగలో ఒక కుటుంబపు పాలు లెక్కకు రానంత స్వల్పము. అయినను అట్టి స్వల్పములు కోట్లకొలది కూడియే అది అంతటిదైనది.

2020 అక్టోబరు 13వ తేదీ కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి, కోదండరామ్‌నగర్ వంటి పల్లపు కాలనీలు నీట మునిగెను. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగ తేమను మోయగలదు. కావున కురిసిన వాన ఉద్ధృతమగుట కవకాశము పెరుగుచున్నది. ఆనాటి ముంపునకు ఇదొక్కటే కారణమనుట న్యాయము కాదు. మీర్‌పేట వైపు నుండి సరూర్‌నగర్‌కును, అచ్చటి నుండి మూసీకిని నీరు పోవు దారులు ఇండ్లతో ఇరుకైనవి. అచ్చట ఇల్లు కట్టిన ప్రతివాడును “నా ఒక్క ఇంటివలన ఏమగును” అనియే తలచియుండును!

శరణులలో ఆయ్దక్కి మారయ్య కాయకము, కళ్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగ తేగా, ఇల్లాలు లక్కమ్మ సమ్మతింపక, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. నిత్యదాసోహము సాగు ఆ ఇంటికి పిడికెడు బియ్యము లోటు కాదు. లక్కమ్మ ఆ లెక్క చూడలేదు. ఆమె ఉపవాసముండుమనలేదు, కాయకము మానుమనలేదు. అక్కరకు మించినదానినే వలదనెను. ఆ దంపతులును తమ కాయకపు బియ్యముతోనే జంగములకు దాసోహము సలిపిరి.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో ప్రారంభమైనది. ఒకడు మోటారు సైకిలును ఇంటనుంచి రైలెక్కినంతనే అదనపు రైలు నడువదు. ప్రయాణికులు ఒక మేర దాటినప్పుడు నడుపవలసివచ్చును. ఎన్నవవానితో ఆ మేర దాటునో ఎవ్వరికిని తెలియదు గనుక, ఎక్కిన ప్రతివానికిని అందు భాగము గలదు. స్టేషను వరకు నడచుటకు కాలిబాట సరిగా లేనిచో ఈ బోధ వృద్ధులకు చెప్పుట సులభము కాదు. దానిని నలుగురు కూడి నగరపాలకులను అడుగవలసినదే.

అపార్టుమెంటులలో మిద్దె అందరిది. సౌరఫలకములను ఒక్కరు నిలుపజాలరు. సంఘ సమావేశమున ఎవరో ఒకరు లేచి ప్రస్తావింపనిదే నలుగురును నిశ్చయింపరు. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల దీపముల బిల్లును ఎట్లును అందరు పంచుకొనుచున్నవారే. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకమున ఇట్టి ఉమ్మడి అవసరములకై కిలోవాటునకు 18,000 రూపాయల సహాయము ప్రకటింపబడినది.