పిల్లలకు చదువు చెప్పు యువజనులు : వేల్సు దేశము నేర్పు పాఠము

వేసవి సెలవులలో కొన్ని చర్చిల యువజనులు బృందములుగా పొరుగూళ్లకు పోయి, అచ్చటి పిల్లలకు పాటలు, కథలు, అక్షరములు నేర్పి వచ్చుట కలదు. పది దినముల సేవవలన పిల్లలకు నిలుకడగల మేలు కలుగునా? ఈ ప్రశ్నకు వేల్సు దేశ చరిత్ర చక్కని సమాధానము చెప్పుచున్నది. పరభాషా ప్రాంతమున నివసించు మనకు అది మరింత తెలిసికొనదగినది.

వేల్సు బ్రిటను ద్వీపమునకు పడమటనున్న కొండల సీమ. ఆ ప్రజల భాష వెల్ష్. 1536లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన శాసనమువలన న్యాయస్థానములలో ఇంగ్లీషే చెల్లుబడి యయ్యెను. 1588లో బైబిలు వెల్ష్ భాషలో అచ్చయినను, దానిని చదువగల పేదలు అరుదుగా నుండిరి.

గ్రిఫిత్ జోన్స్ అను మతాచార్యుడు 1730 ప్రాంతమున సంచార పాఠశాలలను నెలకొల్పెను. ఉపాధ్యాయుడు ఒక గ్రామమున సుమారు మూడు నెలలుండి, చర్చిలోనో రైతు ఇంటనో చదువు నేర్పి, మరియొక గ్రామమునకు తరలిపోవును. పొలము పనులు తక్కువగానుండు చలికాలమే ఇందుకు అనువైన కాలము. పగలు పిల్లలును, రాత్రి పెద్దలును చదివెడివారు. బోధన అంతయు తెలిసిన భాషలోనే జరుగుటచేత, కొలది నెలలకే చదువు పట్టుబడెను. 1761లో ఆయన మరణించునాటికి ఇట్టి పాఠశాలలు 3,000కు మించెను. చదివినవారు లక్షన్నరకు మించిరి.

తరువాత బ్రిజెట్ బెవన్ అను ధనికురాలు వానిని పోషించెను. ఆమె 1779లో గతించగా, ఆమె యిచ్చిన ధనము వ్యాజ్యములో చిక్కుకొనెను, పాఠశాలలు మూతపడెను. ఒక్కరి ధనముపై నిలిచిన కార్యము వారితోనే కుంటుపడునని దీనివలన తెలియుచున్నది.

బాలా పట్టణమున నివసించిన థామస్ చార్లెస్ 1785లో సంచార పాఠశాలలను మరల ప్రారంభించెను. వానితోపాటు ఆదివారపు బడులు వ్యాపించెను. వీనిలో బోధించువారు జీతము పుచ్చుకొనని స్థానికులు. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పుటయే అచ్చటి పద్ధతి. చార్లెస్ పాఠశాలలో చదువు నేర్చిన మేరీ జోన్స్ అను పేద బాలిక, 1800లో తన 15వ యేట, బైబిలు కొనుటకై సుమారు 25 మైళ్లు నడిచి బాలా చేరెను.

19వ శతాబ్దమున అనేక పాఠశాలలలో వెల్ష్ మాటాడిన పిల్లవాని మెడలో శిక్షగా కొయ్యముక్క వ్రేలాడదీసిరి. అట్టి కాలమునను ఆదివారపు బడి ఆ భాషకు చదువును, వ్రాతను నిలిపెను. 2021 జనాభా లెక్కలలో సుమారు 5,38,000 మంది తమకు వెల్ష్ వచ్చునని చెప్పిరి.

దీనిని బట్టి సేవకు పోవు యువజనులు మూడు విషయములు గ్రహింపవలెను. మొదటిది, పిల్లల యింటి భాషలోనే బోధింపవలెను. రెండవది, తాము వెడలిన పిమ్మట పని సాగించుటకు ఆ ఊరివారినే ఒకరిద్దరిని సిద్ధపరుపవలెను. వచ్చినవారు దీపము వెలిగింతురు. నూనె పోయువారు ఊరివారే. మూడవది, తల్లిదండ్రుల అనుమతి లేక పిల్లలను చేరదీయరాదు. ఏ పిల్లవానితోను పెద్దవారొకరే ఏకాంతముగా నుండరాదు.

మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. చట్టము బడి తలుపు తెరువగలదు. లోపల చదువు నిలుచుటకు మాత్రము పెద్ద విద్యార్థి ప్రక్కయింటి చిన్నవానిని కూర్చుండబెట్టుకొని వారమున కొక గంట తెలుగు చదివింపవలెను. తల్లిదండ్రులు ఆ గంటను కాపాడవలెను.

ప్రశ్నలు
1. సంచార పాఠశాలలలో చదువు త్వరగా పట్టుబడుటకు కారణమేమి?
2. 1779 తరువాత అవి ఏల మూతపడెను?
3. మీ వీధిలో తెలుగు చదువరాని పిల్లలెందరు? వారిలో ఒకరికి మీరేమి నేర్పగలరు?