నల్లని దేహము, దేవుని చేతిపని

చదువవలసిన వేదభాగములు: పరమగీతము 1:5, 6; 1 సమూయేలు 16:1–13; యోహాను 20:24–29



పెండ్లి సంబంధము విచారించువారు సంఘకాపరిని మొదట అడుగవలసిన ప్రశ్న ఏది? పిల్లకు భక్తి యున్నదా, ప్రార్థన యున్నదా అని గదా. అయితే చాలచోట్ల మొదట వచ్చునది, "పిల్ల రంగేమి?" అను ప్రశ్నయే. చామనఛాయ అన్నయెడల నసుగుదురు. నలుపు అన్నయెడల కట్నము మాట ఎత్తుదురు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961వ సంవత్సరపు చట్టముచేత నిషేధింపబడినవి. రంగు తక్కువయని దానిని పెంచి అడుగుట చట్టమునకే గాక సృష్టికర్తకును అవమానము. తలుపు వెనుక నిలిచియున్న పిల్ల ఈ మాటలన్నియు వినుచున్నది.

పరమగీతములోని కన్య తన నలుపును దాచలేదు. తాను నల్లనిదాననియు, అయినను అందముగలదాననియు యెరూషలేము కుమార్తెల యెదుట చెప్పుకొనుచున్నది. ఆ నలుపు ఎట్లు వచ్చినదో కూడ చెప్పుచున్నది. సహోదరులు కోపపడి ఆమెను ద్రాక్షతోటలకు కావలి పెట్టిరి, ఎండ తగిలినది. అనగా అది కష్టపడిన దేహము. మన స్త్రీలు నాట్లు వేయుచు, ప్రత్తి ఏరుచు, మిరపకాయలు కోయుచు ఎండలో గడపిన దినములు ఎన్ని! వారి పంట తినుచు వారి రంగును చిన్నచూపు చూచుట న్యాయమా? పుట్టుకతో వచ్చిన నలుపైనను లోపము కాదు. చర్మములోని నల్లని పదార్థము తీవ్రమైన ఎండనుండి దేహమును కాపాడునని వైద్యులు చెప్పుదురు. ఎండ దేశమువారికి దేవుడు గొడుగు పట్టినాడనుకొనుడి.

ఆ కన్య తన్ను అట్లు చూడవద్దని కూడ అన్నది. ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుడి. ఆమెను ఎండకంటె ఆ చూపులే ఎక్కువ కాల్చినవి. మన యిండ్లలో "కర్రిపిల్లా" అని ముద్దుగానే పిలుచుచున్నామందుము. పదియేండ్లు ఆ పిలుపు విన్న పిల్లకు అది ముద్దుగా నుండదు. అద్దము చూచుటకే వెనుకాడును.

ఏలీయాబు రూపమును ఎత్తును చూచి సమూయేలు ప్రవక్తయే పొరబడెను. అయితే ఆ అధ్యాయములోనే, 12వ వచనమున, దావీదు చక్కనివాడని వ్రాయబడియున్నది. కాబట్టి అందమే పాపమని బోధించుట సరికాదు. తల దువ్వుకొనుట, ఉదికిన బట్ట కట్టుకొనుట మంచిదే. దేవుడు రాజును ఎన్నుకొనునప్పుడు అందమును కొలబద్దగా పెట్టుకొనలేదు, అంతే.

మన గోడలమీది క్యాలెండరులను కూడ చూడుడి. అమెరికా చిత్రకారుడైన వార్నర్ సాల్మన్ 1940లో గీసిన క్రీస్తు ముఖచిత్రమును, దానివంటి తెల్లని పటములను చూచి చూచి, ప్రభువు అట్లే యుండెననుకొనుచున్నాము. నాలుగు సువార్తలలో ఎక్కడను ఆయన రంగు చెప్పబడలేదు. ఆయన వడ్రంగి పని చేసినవాడు, ఎండలో నడిచినవాడు.

1975లో మన దేశములో అమ్మకమునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకొనినది. మన ఆశ మారలేదు. సంతలో దొరకు ఊరు పేరు లేని క్రీములు ఇంకను అపాయకరమైనవి. కొన్నిటిలో పాదరసముండును, అది మూత్రపిండములను చెరుపును. కొన్నిటిలో స్టీరాయిడు మందుండును. మొదట తెలుపు వచ్చినట్లే యుండును గాని పిమ్మట చర్మము పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేచును. ఇప్పటికే పూయుచున్నవారు సిగ్గుపడక ఆ డబ్బాను తీసికొనిపోయి డాక్టరునకు చూపవలెను.

కాలిన మచ్చలు, బొల్లి, పోలియోవలన సన్నబడిన కాలు గలవారు యోహాను 20వ అధ్యాయమును మెల్లగా చదువుదురుగాక. మృతులలోనుండి లేచిన ప్రభువు తన గాయపు గురుతులను చెరిపివేసికొనలేదు. మహిమగల ఆ దేహములో వాటిని ఉంచుకొని, చేయి చాచి తోమాకు చూపెను.

క్రిస్మసు నాటకములో మరియమ్మ వేషము ఏటేట తెల్లని పిల్లకే పోవుచున్నది. నల్లని పిల్లలందరు గొల్లలు. నజరేతు పల్లెపడుచును గూర్చి మనకెట్లు తెలిసినదో! ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, ఈ యేడు వేషములు పంచునప్పుడు ఎవరి కంఠము గుడి వెనుక చాపవరకు వినబడునో, ఎవరు మాటలు తప్పక అప్పగించుదురో చూచి పంచుడి.