ఏటేట కుట్టిన అంగీ
(ఎదుగుచున్న బిడ్డలకు క్రిస్మస్ బహుమానములు ఎన్నుకొనుటనుగూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 1:1-8, 2:18-21, 17:38-39



డిసెంబరు మాసము వచ్చినతోడనే పిల్లలున్న ప్రతి ఇంటను ఒక ప్రశ్న పుట్టును: ఈ యేడు వీరికి ఏమి ఇయ్యవలెను? పసివాడు ఏది ఇచ్చినను నవ్వును. పదేండ్లవాడు పొరుగింటివానికి వచ్చినదానితో పోల్చి చూచును. పదునైదేండ్లవాడు పొట్లము విప్పి, ఒక్క మాటయు పలుకక పక్కన పెట్టును. బిడ్డ ఎదిగినకొలది బహుమానము కష్టమగుచున్నదేల? ఈ ప్రశ్నకు పరిశుద్ధ గ్రంథములో ఒక తల్లి జీవితము చక్కని సమాధానమిచ్చుచున్నది.

1. హన్నా కుట్టిన వస్త్రము

హన్నా తన కుమారుని పాలు విడిపించి షిలోహునందలి మందిరమునకు అప్పగించెను. తాను రామాలో నివసించెను. సంవత్సరమునకొకమారు బలి అర్పించుటకు పెనిమిటితో కూడ పోవునప్పుడు కుమారునికి ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని పోవుచుండెను. తరువాత ఆమెకు ముగ్గురు కుమారులును ఇద్దరు కుమార్తెలును కలిగిరి. సమూయేలు యెహోవా సన్నిధిని ఎదుగుచుండెనని ఆ వచనములే చెప్పుచున్నవి.

ఇచ్చట హెబ్రీ మూలములో వాడబడిన మాట "మెయీల్". ఇది సామాన్యమైన లోపలి చొక్కాయి కాదు, పైని ధరించు నిలువుటంగీ. ప్రధానయాజకుడు ఏఫోదు క్రింద తొడుగుకొను వస్త్రమునకు ఇదే మాట (నిర్గమ 28:31). యోనాతాను తీసి దావీదునకిచ్చిన వస్త్రమునకు ఇదే మాట (1 సమూ 18:4). వృద్ధుడైన సమూయేలు వెళ్లిపోవుచుండగా సౌలు పట్టుకొని చింపిన చెంగు కూడ ఈ మెయీల్ చెంగే (1 సమూ 15:27). అనువాదములలో ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట వచ్చుటచేత ఈ సంబంధము మనకు కనబడకపోవచ్చును. పెద్దవాడై ప్రవక్తగా ధరింపవలసిన వస్త్రమును ఆ తల్లి చిన్నవాని ఒంటికి సరిపోవునట్లు కుట్టెను. వస్త్రము పెద్దవారిది, కొలత పిల్లవానిది. ఆ కొలతయు ఏటేట మారెను.

బహుమానముయొక్క మర్మమంతయు ఇందులో నున్నది. బిడ్డ రేపు ఏమి కావలెనో దానివైపు చూడవలెను. అయితే వాడు నేడు ఎంత ఎదిగెనో అంతకే సరిపోవునట్లు ఇయ్యవలెను. కొలతకు మించినది ఇచ్చుట ఒక తప్పు. సౌలు తన యుద్ధ సామగ్రిని దావీదునకు తొడిగించినప్పుడు అతడు దానితో నడువలేకపోయెను. ఎదిగిన బిడ్డకు నిరుటి కొలతనే మరల ఇచ్చుట రెండవ తప్పు. మొదటిది బిడ్డను తొట్రుపరచును, రెండవది అవమానపరచును.

2. సూరతు పట్టణములో ఈ ప్రశ్న

తపతీ నదీతీరముననున్న సూరతు పట్టణములో ఈ పాఠము మిక్కిలి అవసరమైనది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతములనుండి నేతపనివారు, ముఖ్యముగా పద్మశాలి కుటుంబములవారు, అనేక దశాబ్దములుగా అచ్చటికి వలసపోయి లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడియున్నారు. మరమగ్గముల మీద పండ్రెండు గంటల షిఫ్టు వారికి సామాన్యము. కొందరు భార్యాబిడ్డలతో అచ్చటనే కాపురమున్నారు. కొందరు పిల్లలను ఊరిలో తాత నాయనమ్మల యొద్ద విడిచిపెట్టి పనిచేయుచున్నారు. వారిలో అధికసంఖ్యాకులకు దసరా, బతుకమ్మ, దీపావళి పెద్ద పండుగలు. క్రైస్తవ కుటుంబములకు క్రిస్మస్. పండుగ ఏదైనను చిక్కు ఒక్కటే.

దీపావళికి సూరతులోని బట్టల బజారులును కార్ఖానాలును మూతపడును గనుక పనివారు ఊరికి పోవుటకు వీలగును. క్రిస్మస్‌కు మగ్గములు ఆగవు. కావున క్రైస్తవుడైన తండ్రి అహమదాబాదునుండి సూరతు, వరంగల్లుల మీదుగా చెన్నైకి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి బయలుదేరిన ఎవరిచేతనో తన పొట్లమును పంపవలసివచ్చును. చవుకగా బట్ట దొరకు పట్టణము గనుక ఆ పొట్లములో తరచుగా గౌను ఉండును. అయితే అది ఆయన గతసారి చూచిన కుమార్తె కొలతకు కొన్నదై, చేతులు పొట్టియై, నడుము బిగుతై యుండుట వింత కాదు. లోపము ప్రేమలో లేదు, కొలతలో నున్నది.

హన్నాకును ఇదే కష్టము. ఏటికొకమారు మాత్రమే చూచు బిడ్డకు ఇంటనుండి అంగీ కుట్టవలెను. నిరుడు చూచిన ఎత్తును మనస్సులో నుంచుకొని, ఒక సంవత్సరపు ఎదుగుదలను దానికి కలిపి కత్తిరింపవలెను. అనగా ఆమె సూది పట్టకముందే చాలసేపు తన కుమారునిగూర్చి ఆలోచించియుండవలెను. దూరముననున్న తండ్రి పొట్లము కట్టకముందు ఫోనులో నాయనమ్మను అడుగవచ్చును: పిల్ల ఎంత ఎత్తు ఎదిగెను? ఏ పుస్తకము చదువుచున్నది? ఎవరితో ఆడుచున్నది? దేనికి భయపడుచున్నది? ఈ విచారణయే బహుమానములో సగము. ఒకే ఇంట ఉండియు, షిఫ్టు ముగించుకొని వచ్చునప్పటికి నిద్రించుచున్న బిడ్డను మాత్రమే చూచు తండ్రికిని ఇది వర్తించును.

3. వయస్సునుబట్టి కొలత

(అ) మూడేండ్లలోపు. ఈ వయస్సులో బిడ్డ దేనినైనను నోటిలో పెట్టుకొనును. విడిపోవు చిన్న భాగములు గల బొమ్మలు గొంతుకు అడ్డుపడును. బిళ్లవంటి బ్యాటరీ మ్రింగినయెడల అన్నవాహిక కాలి ప్రాణాపాయము కలుగును. భారత ప్రభుత్వము 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేసెను గనుక ఆ గుర్తును, పెట్టెపై ముద్రించిన వయస్సును చూచి కొనవలెను. ఇంట మిగిలిన మెత్తని బట్టముక్కలతో గట్టిగా కుట్టిన గుడ్డబొమ్మ ఈ వయస్సుకు చాలును. ఏడ్పు మాన్పుటకు చేతికి ఫోను ఇచ్చుట బహుమానము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము ఏడాది లోపు శిశువునకు తెర చూపనే కూడదు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదు.

(ఆ) నాలుగునుండి ఆరేండ్ల వరకు. ఇది నటించి ఆడుకొను కాలము. తేలికయైన పొణికి కర్రతో చేయు కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రను చెక్కి లక్కరంగులు పూయు ఏటికొప్పాక బొమ్మలు మన ప్రాంతపు చేతిపనులు. పరదేశములో పెరుగు తెలుగు బిడ్డకు అవి తాత ఊరి కథను చెప్పుటకు సాధనములగును. బొమ్మతోకూడ దాని కథ చెప్పు మనిషి కావలెనని మరువకుడి.

(ఇ) ఏడునుండి పదేండ్ల వరకు. ఇప్పుడు బిడ్డ చేతులు పని నేర్వగోరును. రంగులు, చిన్న కుట్టుపెట్టె, తోటపనికి పలుగు, చదువుటకు కథల పుస్తకము ఇయ్యవచ్చును. సూరతులో నగర ప్రాథమిక విద్యాసమితి ఇతర భాషలతోపాటు తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలను నడుపుచు వచ్చినది; అయినను అనేకమంది పిల్లలు వీధిలో గుజరాతీ, హిందీ పలుకుచు, ఇంటి భాషను వినగలిగియు చదువలేకయున్నారు. అట్టి బిడ్డకు పెద్ద అక్షరముల తెలుగు పుస్తకము, దానిని దినమునకొక పుట కలిసి చదువు తల్లి, విలువైన కానుక. 1805లో విశాఖపట్టణమునకును 1815లో సూరతునకును వచ్చిన లండన్ మిషనరీ సొసైటీవారు మొదట పూనుకొన్న పనులలో లేఖనములను ప్రజల భాషలోనికి తెచ్చుట ఒకటి. బిడ్డ తన భాషలో ప్రార్థింప నేర్చుకొనుట వారెరిగిన మేలు.

క్రిస్మస్ గడచిన మూడు వారములకు సూరతులో ఉత్తరాయణపు గాలిపటములు ఆకాశమును నింపును. పిల్లలు పటమును, దారపు చుట్టను కోరుదురు, ఇచ్చుట తగును. అయితే నైలాను మాంజా మెడలను, పక్షుల రెక్కలను కోయును. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దానిని దేశమంతట నిషేధించెను. నూలుదారము కొని, పిట్టగోడ లేని మేడమీదికి ఒంటరిగా పంపక, తండ్రి తానే పక్కన నిలుచుట మంచిది. పటము పది రూపాయలది. తండ్రితో గడపిన ఆ పగలు వెలకు అందనిది.

(ఈ) పదకొండునుండి పదునాలుగేండ్ల వరకు. ఇక వస్తువుతోపాటు నమ్మకమును ఇయ్యవలసిన కాలము. 2014లో భారతీయ రిజర్వు బ్యాంకు పదేండ్లు నిండిన పిల్లలు పరిమితులకు లోబడి తమ పొదుపు ఖాతాను తామే నడుపుకొనుటకు మార్గము కల్పించెను. బిడ్డ పేర ఒక పాసుపుస్తకము, అందులో కొద్దిపాటి సొమ్ము, దానిలోనుండి కానుక పెట్టెకు ఎంత వేయవలెనో తానే నిర్ణయించుకొను స్వేచ్ఛ: ఇది పెద్దవారి అంగీ, పిల్లవాని కొలత. ఇంట పదేండ్ల లోపు ఆడపిల్ల యున్నయెడల 2015లో ఆరంభమైన సుకన్య సమృద్ధి ఖాతా తెరువవచ్చును. ఏటికి కనీసము 250 రూపాయలు చాలును. ఆ కానుక ఆమెకు నేడు కనబడదు, గాని చదువునాటికి అక్కరకు వచ్చును.

(ఉ) పదునైదేండ్లు దాటినవారు. ఇచ్చట పొరపాటు అధికము. మోటారు సైకిలు అడిగిన కుమారునికి ప్రేమచేత ఇచ్చుట సౌలు కవచమును తొడిగించుటయే. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము మైనరు బండి నడపి నేరము చేసినయెడల తండ్రికి లేక సంరక్షకునికి 25,000 రూపాయల జుల్మానా, మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. ప్రాణనష్టమునకు ఏ జుల్మానాయు సాటిరాదు.

ఈ వయస్సులో నేతగాని ఇంట మరియొక శోధన కలదు: "చదువు చాలును, మగ్గము దగ్గరకు రమ్ము" అని పిలుచుట. బాలకార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ, ఇంటివారికి బడి తరువాత తోడ్పడుటవంటి కొన్ని మినహాయింపులు తప్ప, 14 ఏండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదని, 18 ఏండ్లలోపు వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని విధించినది. చట్టము ఆపగలిగినది కొంతయే. తక్కినది తండ్రి హృదయములో నిర్ణయము కావలెను. పండుగ దినమున కుమారుని, కుమార్తెను కూర్చుండబెట్టి, "ఇంకను రెండేండ్లు నీవు చదువుము; ఆ భారము నేను మోయుదును" అని చెప్పి, పరీక్ష రుసుము రశీదును చేతిలో పెట్టు తండ్రి ఆ ఇంట ఎన్నడును ఇయ్యబడని బహుమానమును ఇచ్చుచున్నాడు.

లూకా 15లోని పెద్ద కుమారుని జ్ఞాపకము చేసికొనుడి. తండ్రి ఆస్తియంతయు తనదై యుండగా, స్నేహితులతో సంతోషించుటకు ఒక మేకపిల్లనైనను తనకియ్యలేదని అతడు దుఃఖించెను. ఎదిగినవాడు వస్తువుకంటె ఎక్కువగా కోరునది తనను ఇంటి పనివానిగా గాక ఇంటివానిగా ఎంచవలెనని. అతని మాట అడుగుడి, లెక్కలు చూపుడి, సలహా కోరుడి.

4. మూడు హెచ్చరికలు

మొదటిది, పక్షపాతము. ఎల్కానా పండుగ దినమున పాళ్లు పంచిపెట్టినప్పుడే ఆ ఇంట కన్నీరు పుట్టెను. యాకోబు యోసేపునకు కుట్టించిన అంగీ అన్నల ద్వేషమునకు ఆజ్యమాయెను. అందరికి ఒకే వెల గల వస్తువు ఇయ్యవలెనని కాదు. ప్రతి బిడ్డనుగూర్చియు సమానముగా ఆలోచించితిమని వారికి తెలియవలెను.

రెండవది, పరిహారము. ఏడాదియంతయు బిడ్డకు సమయమియ్యనివాడు ఆ అప్పును ఖరీదైన వస్తువుతో తీర్పజూచును. హన్నా అంగీ ఆమె ప్రేమకు బదులు కాదు, ఆమె ప్రేమకు సాక్ష్యము.

మూడవది, ఋణము. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో కొన్న బొమ్మ ఫిబ్రవరిలోనే విరుగును. వడ్డీ దీపావళి వరకు నిలుచును. చేతిలో లేనప్పుడు బిడ్డకు నిజము చెప్పుడి. తండ్రి తల నిమిరి చెప్పిన నిజమును మోయగలుగుటయు ఎదుగుదలలో ఒక భాగమే.

ముగింపు

ప్రియులారా, హన్నా కుట్టిన అంగీలలో ఒక్కటియు నిలువలేదు. ప్రతి సంవత్సరపు అంగీయు మరుసటి యేటికి పొట్టిదాయెను. దానికొరకు ఆమె విచారించినట్లు వ్రాయబడలేదు. పాత అంగీ పొట్టిదగుటయే బిడ్డ ఎదిగెననుటకు సాక్ష్యము. మన బహుమానములును విరుగును, చినుగును, చాలకపోవును. బిడ్డను చూచి, కొలిచి, నమ్మి ఇచ్చిన చేయి మాత్రము వాని జ్ఞాపకములో నిలుచును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ప్రతి బిడ్డయు గత క్రిస్మస్ తరువాత ఏ విషయములో ఎదిగెనో ఒక్కొక్క వాక్యముగా వ్రాయగలరా?
2. మీరు ఇయ్యదలచినది బిడ్డ కొలతకు మించినదా, తక్కువదా?
3. ఈ యేడు ఏ బిడ్డకు ఏ క్రొత్త బాధ్యతను నమ్మి అప్పగింపగలరు?

ప్రార్థన

తండ్రీ, మా బిడ్డలు నీవిచ్చిన స్వాస్థ్యము. వారి నేటి కొలతను చూచు కన్నులను, వారి రేపటిని నమ్ము హృదయమును మాకు దయచేయుము. దూరమున పని చేయుచున్న తండ్రులను, వారికొరకు కనిపెట్టుచున్న పిల్లలను ఈ పండుగ దినములలో జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.