ఈ ఏడు పందిరే వెయ్యి

ఆత్మకూరు.

చిరంజీవి మేనల్లుడికి,

ఉదయగిరి కొండ కింద మీ తాత దొడ్లో నీ చేత్తోనే గొడ్ల కొట్టం కట్టుకుంటావని అక్క చెప్పింది. చాలా సంతోషం. నాలుగు బర్రెలకు నీడ వెయ్యడానికి ఇంజినీరు అక్కర్లేదు. కానీ వినాయక చవితిలోపే సిమెంటు స్తంభాలు దించుతానన్నావట. తొందరపడబాక అబ్బయ్యా. ఈ ఏడు తాటాకు పందిరి వెయ్యి. పక్కా కొట్టం సంక్రాంతి దాటినాక.

మన మెట్టకు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో, ఈశాన్యం నుంచి వస్తాయి. ఎండాకాలంలో దొడ్డంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. నీళ్ళు ఎటునుంచి దిగుతాయో, ఎక్కడ నిలుస్తాయో స్వాతి, విశాఖ కార్తెలే చెప్పాలి. నేను ఆగకుండా కట్టాను. 2021 నవంబరులో సోమశిల గేట్లు ఎత్తి పెన్న పొంగిన రోజుల్లో నా కొట్టంలో మోకాటిలోతు నీళ్ళు. మా వీధికి ఏరు రాలేదు. పైచేలో పడిన వానే నా దొడ్డి మూలకు దిగింది. రాత్రంతా గొడ్లను మెరక మీద పట్టుకుని నిలబడ్డాం. చూడిబర్రె గిట్టలు నాని, పుండ్లు పడి, నెలపాటు కుంటింది. ఆ మూల వద్దని మీ అమ్మమ్మ ముందే చెప్పింది, నేనే వినలేదు. అందుకే అడుగుతున్నా, వాన వెలిసిన ప్రతిసారీ నీళ్ళు నిలిచిన అంచున ఒక గూటం కొట్టు. పక్కింటి ముసలమ్మను కూడా అడుగు.

సంక్రాంతి తర్వాత ఆ గూటాలకు దూరంగా, అడుగున్నర ఎత్తు అరుగు లేపు. కొట్టం పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే మన ఎండ గొడ్ల మీద అంతగా పడదు. మూల చక్కగా రావాలంటే ఒక దారి మూడడుగులు, ఇంకో దారి నాలుగడుగులు కొలిచి, ఎదురు కొనల మధ్య ఐదు వచ్చేదాకా తాడు జరుపు. నేల నాలుగడుగులకు అంగుళం చొప్పున కాలువ వైపు వాలాలి. నున్నగా మెత్తబాక, బర్రె జారితే తుంటి విరుగుతుంది. కాంక్రీటును తక్కువలో తక్కువ వారం రోజులు తడి గోతాల కింద ఉంచు. రేకులకు బోల్టు మిట్ట మీదే వెయ్యి. పల్లంలో వేస్తే ఆ కంతలోంచే కారుతుంది.

ఎవరైనా కొండలోంచి వాసాలు కొట్టుకొస్తామంటే ఒప్పుకోబాక. అది ఎర్రచందనం అడవి, కేసుల్లో ఇరుక్కుంటావు. మన గట్టు మీది వేపమాను చాలు. సామాను కూడా కుప్పలుగా కొనబాక. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఆడవాళ్ళ దగ్గర ఒకపూట కూర్చుని చూడు, రంపం, ఆకురాళ్ళతో చెయ్యి ఎంత పని చెయ్యగలదో తెలుస్తుంది.

కరెంటు మాత్రం ముట్టుకోవద్దు. ఇనప రేకులు, తడి నేల, నోరులేని గొడ్లు. పనితెలిసిన వైరుమన్ చేత ఎర్తు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించు. అక్కడ పైసా మిగల్చొద్దు.

వచ్చే ఆదివారం తొలి బస్సుకు వస్తాను. తాటాకులకు నీళ్ళు చల్లి ఉంచు, గుంజలకు గుంతలు నేనొచ్చాకే తీద్దాం.

మీ మామ