ఊరికి పనికొచ్చేలా రాయడం ఎలా?

వసంత పంచమి నాడు సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్ట మీది విద్యాసరస్వతి గుడిలో అక్షరాభ్యాసానికి పలకలు పట్టుకున్న పసివాళ్లను చూస్తే కడుపు నిండిపోతుంది. ఆ దిద్దిన అక్షరం పెద్దయ్యాక నలుగురి కోసం నిలబడాలని నా ఆశ. అందుకు ఒప్పించేలా రాయడం రావాలి, అది ఎవరికైనా పట్టుబడుతుంది. ఉదాహరణకు, రాజీవ్ రహదారి మీద బస్సు దిగి, గుడికి చేరడానికి ఆటోల కోసం చూసే తల్లుల తరఫున, పండగనాడు అదనపు బస్సులు అడుగుతూ రాస్తున్నామనుకుందాం.

ముందు, చదివేదెవరో తేల్చుకోండి. గజ్వేల్-ప్రజ్ఞాపూర్ డిపో మేనేజరుకైతే అది వినతిపత్రం, ఒక పేజీ దాటకూడదు. పత్రిక పాఠకులకైతే వ్యాసం, కాస్త కథ చెప్పొచ్చు.

తర్వాత, కోరికను ఒక్క వాక్యంలో పెట్టండి. "రవాణా సౌకర్యం మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. "వసంత పంచమి నాడు ఉదయం 5 నుంచి రాత్రి 8 దాకా రహదారి నుంచి గుడికి అరగంటకో బస్సు వేయండి" అని రాస్తే అవుననో కాదనో చెప్పక తప్పదు.

మూడోది లెక్క. అసలు బలమంతా ఇక్కడే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు తేల్చేసినప్పుడు ఆయన కోపాన్ని సంపాదకీయంతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. "లేరు" అన్నమాటకు అంతమంది పేర్లే జవాబు. తెలుగులో నేనెరిగిన వాదనల్లో ఇంతకు మించినది లేదు.

మీరూ అదే చేయండి. నోటుబుక్కు పట్టుకుని రోడ్డు మీద మూడు గంటలు నిలబడండి. ఎంతమంది దిగారు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లెందరు, ఎన్ని నిమిషాలు ఆగారు, ఆటోకు ఎంత ఇచ్చారు అన్నీ తేదీ, సమయంతో రాసుకోండి. 43 మంది ఉంటే 43 అనే రాయండి. "వందలాది" అన్నారంటే మీ మిగతా అంకెలనూ నమ్మరు. డిపో దగ్గరున్న లెక్కలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక రాయడం. ఒక తల్లి నిరీక్షణతో మొదలుపెట్టండి, అది కథనం. ఆమెను అడిగాకే రాయండి, పేరు వద్దు. గుడి రహదారికి లోపలగా ఉండటం వల్ల ఇబ్బంది ఎలా వస్తోందో చెప్పడం వివరణ. దానికి బస్సే ఎందుకు మందో చెప్పడం వాదన. రాసేవారి మీద నమ్మకం, చదివేవారి మనసు, తర్కం అని అరిస్టాటిల్ ఒప్పించడానికి మూడు దారులు చెప్పాడు. కొత్తగా రాసేవాళ్లు రెండోదాన్నే పట్టుకుని కన్నీళ్లు పోస్తారు. దానికి ఒక్క పేరా చాలు.

ఎదుటివారి మాట మీరే ముందు చెప్పండి. "ఒక్కరోజు కోసం బస్సులెక్కడి నుంచి తేవాలి?" అంటారు. అది న్యాయమైన ప్రశ్నే, దాటేయకండి. ఏడాదికి ఒక్కరోజే కాబట్టి ముందే సర్దుబాటు చేసుకునే వీలుందని చెప్పండి. పైగా మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. బస్సు లేక ఆటోకు డబ్బులిచ్చిన తల్లికి అది అక్కరకు రాలేదని మీ లెక్కతో చూపించండి.

పూర్తయ్యాక ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించండి. వాళ్లు "అంటే?" అని అడిగిన చోటల్లా తిరగరాయండి. పండగకు కనీసం నెల ముందే డిపోలో ఇవ్వండి, సోమవారం సిద్దిపేట కలెక్టరేట్ ప్రజావాణిలో మరో ప్రతి ఇవ్వండి. రెండు చోట్లా మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.